ఆరో ముక్క

నాగసుబ్బయ్య ఇంట్లో పొద్దున ఆరు గంటలకల్లా బొరుగులు నానాల్సిందే. కర్నూలు వన్ టౌన్‌లో ఆయనది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. అంగడిలో అమ్మే బొరుగులు వేరు, ఇంట్లో టిఫినుకు ఉగ్గాని, అంటే మరమరాల ఉప్మా, చేయడానికి నానబెట్టే బొరుగులు వేరు. మూట అడుగున నలిగి పొడైపోయి, ఎవరూ కొనకుండా మిగిలినవి ఇంటికి వస్తాయి. పురుగు పట్టిన కందిపప్పు, నీరు కారిన బెల్లం, ముక్కిపోయిన మైదా, అన్నీ అంతే. అమ్ముడుపోనిది ఇంట్లో వండాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. నాగసుబ్బయ్య తండ్రి పెట్టిపోయాడు, నాగసుబ్బయ్య పట్టుగా పాటిస్తున్నాడు.

ఆ అడుగు సరుకును ఏరి, జల్లించి, కడిగి, తినేవాళ్లకు అనుమానం రాకుండా వండి పెట్టేది కృష్ణవేణమ్మ. నాగసుబ్బయ్యకు చెల్లెలు. ముప్పయ్యో ఏట భర్త పోతే నందికొట్కూరు నుంచి అన్న ఇంటికి వచ్చింది. ఇప్పటికి ఇరవై నాలుగేళ్లు. వదిన ఉన్నన్నాళ్లు ఆమె చేతి కింద, వదిన పోయాక ఒంటరిగా, ఆ వంటింట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆమెను ఆ ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనాలంటే ముందు ఆమె వైపు చూడాలి కదా!

ఆ బుధవారం పొద్దున కూడా ఆమె ఉగ్గాని కలుపుతూ, పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు తీస్తోంది. అన్న మనవరాలు రమ్యశ్రీ యూనిఫాం వేసుకుని వచ్చి గడప మీద కూర్చుంది. అయిదో తరగతి. వచ్చే ఆదివారంతో పదేళ్లు నిండుతాయి.

"అవ్వా, ఆదివారం నా బర్త్‌డేకి కూడా ఉగ్గానే చేస్తావా ఏంది, కొంపదీసి?"

"ఏం కావాల్నో చెప్పు తల్లీ, చేస్తా."

"నువ్వేమీ చేయొద్దు. పిజ్జా తెప్పియ్యాల. ఆరు మందికి చెప్పేసినా."

రమ్య తల్లి సుచరిత గబుక్కున కూతురి నోరు మూయబోయింది. అప్పటికే ఆలస్యమైంది. నడిమింట్లో పీట మీద కూర్చుని ఉగ్గాని కోసం చూస్తున్న నాగసుబ్బయ్య తల ఎత్తాడు.

"ఏందది? ఎంతంట?"

సుచరిత తల దించుకుని చెప్పింది. "వాళ్ల క్లాసులో భువన అనే పాప బర్త్‌డేకి పెట్టినారంట మామా. రాజ్‌విహార్ కాడ కొత్తగా అంగడి పెట్టినారు. ఒకటి రొండు నూర్ల నలభై ఐదంట. నాలుగన్నా కావాల."

నాగసుబ్బయ్య అరవలేదు. అరిచే రకం కాదు ఆయన. అరిస్తే గొంతుకే ఖర్చు. అంగడి తలుపులు తీస్తున్న కొడుకును పిలిచాడు.

"జ్ఞానా! సాయంత్రం ఆ పిజ్జా అనేది ఒకటి పట్టకరా. సరుకు చూడకుండా రేటు మాట్లాడకూడదు."

రమ్యశ్రీ లేచి తాత మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టింది. పాపం, దానికేం తెలుసు!

సాయంత్రం అంగడి రద్దీగా ఉన్న వేళకు జ్ఞానేశ్వర్ అట్టపెట్టెతో వచ్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు. తండ్రి ముందు అవును, కాదు తప్ప మూడో మాట మాట్లాడడు. పెట్టె వాసనకు వంటింటి దాకా చెప్పకుండానే కబురు వెళ్లిపోయింది. రమ్యశ్రీ పుస్తకాల సంచి కూడా దింపకుండా అంగడిలోకి పరుగెత్తింది. ఆమె వెనకాల సుచరిత పళ్లెం పట్టుకుని నడిమి వాకిట్లో నిలబడింది. ఆ వాకిలి తలుపు చాటున కృష్ణవేణమ్మ నిలబడింది.

నాగసుబ్బయ్య పెట్టె అందుకుని, మూత తీసి, లోపలున్నదాన్ని ఒక కాగితం మీదికి జార్చాడు. కాగితంతో సహా కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు గిరగిర తిరిగి 430 దగ్గర ఆగాయి.

"నన్నూట ముప్పై గ్రాములు!" అన్నాడు అంగడంతా వినబడేలా. "రొండు నూర్ల నలభై ఐదుకు నన్నూట ముప్పై గ్రాములు. అంటే కిలో ఎంతప్పా? ఐదు నూర్ల డెబ్బై! నెయ్యి కిలో రొండు నూర్ల ఇరవైకి ఇస్తాంటే మీరంతా నాతో బేరమాడతారే! జీడిపప్పు మూడు నూర్లకు ఇస్తా, ఎవురన్నా కొంటారా?"

సరుకులకు వచ్చినవాళ్లు నవ్వారు. ఒకాయన ముందుకు వంగి చూశాడు. నాగసుబ్బయ్యకు హుషారొచ్చింది. గోటితో ఒక టమాటా ముక్క ఎత్తి చూపించాడు.

"ఇది అర్ధ రూపాయి. ఈ ఉల్లిగడ్డ పావలా. కింద రొట్టె మైదా, రొండు రూపాయలు. పైన తెల్లగా పూసింది పాలు విరిచింది. అంతా కలిపితే ముప్పై రొండు దాటదు. తక్కిందంతా అట్టపెట్టెకా, ఏసీకా?"

"తాతా, చల్లారిపోతాంది," అంది రమ్యశ్రీ. ఆమె కళ్లు కాటా మీదే ఉన్నాయి.

"చల్లారనీ. రేటు తెలుసుకుని తింటే ఒంటికి పడతాది."

ముందే ఆరు ముక్కలుగా కోసి ఉంది. రమ్యకు రెండు, కొడుక్కొకటి, కోడలికొకటి ఇచ్చాడు. తనొకటి తీసుకున్నాడు. ఆరో ముక్క కాగితం మీద మిగిలింది.

"అత్తకు..." అంది సుచరిత, పళ్లెం ముందుకు చాపి.

"దానికెందుకు? వేణి బయటిది ముట్టదు కదా!" అన్నాడు నాగసుబ్బయ్య. మూటలు దించి చెమట తుడుచుకుంటున్న హమాలీ ఉరుకుందును పిలిచాడు. "ఏమప్పా ఉరుకుందూ, ఇది తిని రుచి ఎట్లుండాదో చెప్పు. కిలో ఐదు నూర్ల డెబ్బై, పారేయాకు!"

ఉరుకుందు మొహమాటంగా రెండుసార్లు నమిలి మింగేసి, "ఉప్పు చాల్లేదన్నా," అన్నాడు. అంగడి మళ్లీ నవ్వింది.

తలుపు చాటున కృష్ణవేణమ్మ అప్పటికే తడి చేతిని కొంగుకు తుడుచుకుని ఉంది. ఆ చేతిని అట్లాగే కొంగులో దాచుకుని లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి నాగసుబ్బయ్య ఖాళీ పెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"వేణీ, చూడుమే ఇది. బొమ్మ కూడా ఉండాది మూత మీద. ఆదివారానికి ఇట్లాంటివి ఏడు చెయ్యాల. మైదా అడుగు మూటలో ఉండాది, జల్లించుకో. టమాటా, ఉల్లిగడ్డ ఇంట్లోవే. చేసే చేతులు ఇంట్లోవే. ముప్పై రొండు రూపాయల్లో అయిపోవాల ఒక్కోటి. నీ చేతికి రానిది ఏముండాది!"

ఆ చివరి మాట మెప్పే. నిజంగా మెచ్చుకునే అన్నాడు. ఇరవై నాలుగేళ్లలో అట్లాంటి మాట ఆమెకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సార్లు దొరికి ఉంటుంది. ఆ మాట కోసం ఆమె ఏమైనా చేస్తుంది.

ఆయన వెళ్లాక ఆమె పెట్టె తెరిచి వాసన చూసింది. మూతకు ఒకచోట పసుపుపచ్చని చారిక అంటుకుని గట్టిపడింది. గోటితో గీకి వేలి మీదికి తీసుకుంది. వేలు నోటి దాకా వెళ్లింది. ఇంతలో సుచరిత గిన్నె కోసం వచ్చింది. కృష్ణవేణమ్మ దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా ఉలిక్కిపడి, వేలు కొళాయి కింద పెట్టి కడిగేసుకుంది.

"సుచరితా, అది నోట్లో పెట్టుకుంటే ఎట్లుంటాదిమ్మా?" అని మాత్రం అడిగింది.

"ఏమో అత్తా! మామ ఎదురుగా నిలబడి రేటు చెప్తాంటే నోట్లో ఏముండాదో నాకు తెలీలేదు."

గురువారం చేసిన రొట్టె అప్పడంలా గట్టిగా వచ్చింది. శుక్రవారానికి పిండిలో పెరుగు, చిటికెడు సోడా వేసి రాత్రంతా నానబెట్టింది. ఇనుప పెనం మీద రొట్టె పరిచి, మూకుడు బోర్లించి, మూకుడు మీద నిప్పులు పోసింది. కింద సెగ, పైన సెగ. ఇంట్లో ఓవెన్ అనేది లేదు కాబట్టి ఆమె తనకు తానే కనిపెట్టుకున్న ఉపాయం అది. రొట్టె పూరీలా పొంగి దూదిలా మెత్తగా వచ్చింది. నిప్పులు తీసేటప్పుడు ఒకటి జారి ఎడమ మణికట్టు మీద పడింది. కాలినచోట మజ్జిగ రాసుకుని పనిలో పడిపోయింది.

పాలు విరిచి పైన పరిచిన రొట్టెను ఆ సాయంత్రం రమ్యకు పెట్టింది. రమ్య కొరికి, చేత్తో లాగి చూసింది.

"రొట్టె బాగుండాది అవ్వా. కానీ సాగలేదు. ఇది పిజ్జా కాదు."

"సాగాల్నా?"

"కొరికి లాగితే నూలు మాదిరి ఇంత పొడుగు రావాల! సాగకపోతే మా ఫ్రెండ్స్ నవ్వుతారు."

శనివారం మధ్యాహ్నమంతా కృష్ణవేణమ్మ మూత మీది బొమ్మను చూస్తూ కూర్చుంది. బొమ్మలో ముక్కను పైకెత్తుతున్నారు, కింద నుంచి పసుపుపచ్చగా, మెరుస్తూ సాగుతోంది. విరిగిన పాలు ఎంత పిసికినా సాగవు. ఆమెకు తెలిసిన వంటింట్లో పసుపుపచ్చగా మెరిసేది, రెండు వేళ్ల మధ్య సాగేది ఒక్కటే. బొరుగుల ఉండలకు పట్టే బెల్లం పాకం. తీపి వేయొచ్చా అని ఎవరినైనా అడగాలనుకుంది. అడిగితే, ఇంత చిన్న విషయం తెలీదా అంటారని ఊరుకుంది. విరిచిన పాలలో పాకం పోసి సన్నని సెగ మీద కలియబెట్టింది. రెండు వేళ్లతో పట్టి లాగితే జానెడు సాగింది. ఒక్కతే వంటింట్లో నిలబడి నవ్వుకుంది.

ఆదివారం తలస్నానం చేసి, మడి కట్టుకుని ఏడూ చేసింది. ఆ ఇంట్లో పుట్టినరోజు వంట ముందు కులదైవం వాసవమ్మ పటానికి నైవేద్యం పెట్టాలి, ఆ తరవాతే మనుషులకు. అందుకని వండేవాళ్లు ఉప్పు కూడా చూడరు. చూస్తే ఎంగిలి. కృష్ణవేణమ్మ ఇన్నేళ్లుగా కంటి లెక్కతోనే ఉప్పు వేస్తోంది, ఏ పండక్కీ తప్పు పోలేదు.

మూడు గంటలకు ఆరుగురు పిల్లలు వచ్చారు. కొత్త గౌన్లు, చేతుల్లో పొట్లాలు. రమ్యశ్రీ వాళ్లను చాప మీద వరసగా కూర్చోబెట్టింది. కృష్ణవేణమ్మ ఒక్కొక్కరి ముందు ఒక్కో పళ్లెం పెట్టి గోడ వారగా నిలబడింది. చూడటానికి అచ్చం మూత మీది బొమ్మలాగే ఉన్నాయి. భువన ముక్క పైకి ఎత్తితే సాగింది కూడా! రమ్య ముఖం వెలిగిపోయింది.

అప్పుడైనా నాగసుబ్బయ్య ఊరుకోవాల్సింది. ఊరుకుంటే ఆయన నాగసుబ్బయ్య ఎట్లా అవుతాడు! నడిమింట్లో నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పాపలూ, ఇదే బజార్లో ఒకటి రొండు నూర్ల నలభై ఐదు. మా ఇంట్లో ముప్పై రొండు! మీ ఇండ్లకు పోయి అమ్మా నాయనకు చెప్పాల. ఎట్లుండాది ఈ తాత లెక్క?"

పిల్లలు నోట్లో పెట్టుకున్నది నమలకుండా ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటున్నారు.

"తాతా, ఇది తియ్యగా ఉండాది," అంది భువన.

పక్కనున్న అమ్మాయి చేతిలోకి ఉమ్మేసింది. "బెల్లం వేసినారు! పిజ్జాలో బెల్లం వేసినారు!"

"భక్ష్యాల పిజ్జా!" అని, బొబ్బట్టుతో పోలుస్తూ, ఇంకెవరో అన్నారు. ఇక నవ్వులే నవ్వులు. ఒక పిల్ల రమ్యను మోచేత్తో పొడిచి, "ఏమే భక్ష్యాల పిజ్జా," అని పిలిచింది. ఆ పేరు రేపటి నుంచి క్లాసులో తనదే అని రమ్యకు అర్థమైపోయింది. పళ్లెం ఎత్తి గోడకు విసిరింది. అది కృష్ణవేణమ్మ కాళ్ల దగ్గర పడి గిరగిర తిరిగింది.

"ఈ అవ్వకు ఏమీ తెల్దు! నాకీ అవ్వ వద్దు! ఎప్పుడూ పురుగుల మైదా, పురుగుల పప్పు! అంగడిలో ఎవురూ కొననిదే మాకు వండిపెడతాది!"

ఆ ఆరుగురిలో నలుగురి ఇళ్లకు సరుకులు ఆ అంగడి నుంచే పోతాయి. నాగసుబ్బయ్య ముఖం నల్లబడింది. సుచరిత ఏదో సర్దిచెప్పబోయింది గానీ, పిల్లలు పళ్లేలు పక్కకు జరిపి లేచిపోయారు. పది నిమిషాల్లో చాప ఖాళీ అయింది. కొరికి వదిలేసిన రొట్టెలు మాత్రం వరసగా మిగిలాయి.

"నా పరువు తీస్తివి కదే!" నాగసుబ్బయ్య చెల్లెలి మీదికి తిరిగాడు. "ఊర్లోవాళ్ల పిల్లోళ్ల ముందర పురుగులోడిని చేస్తివి. ఇరవై నాలుగేండ్లు కూసోబెట్టి మేపితి, ఒక్క పని చెప్తే దాంట్లో బెల్లం పోస్తివి! బెల్లం! పిజ్జాలో ఎవురన్నా బెల్లం పోస్తారామే? నోట్లో నాలిక లేదా నీకు?"

కృష్ణవేణమ్మ వంగి, కింద పడిన ముక్కలు ఏరుతోంది.

"పారేయాకు. ఒక్కోటి ముప్పై రొండు. ఈ ఇంట్లో చెల్లని సరుకు ఏం చేస్తారో తెలుసు కదా? నువ్వు చేసినావు, నువ్వే తిను. అన్నీ!"

"మామా!" అంది సుచరిత.

కృష్ణవేణమ్మ చాప మీద కూర్చుంది. భువన కొరికి వదిలేసిన రొట్టె తీసుకుని, కొరకని వైపు నుంచి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలి మింగింది.

"బాగుండాదన్నా," అంది.

"ఏంది?"

"నాకు బాగుండాది. పిజ్జా ఎట్లుంటాదో నాకు తెల్దు కదా. అందుకే బాగుండాది." ఇంకో ముక్క తుంచింది. "ఆరు ముక్కలుండె. ఉరుకుందుకు కూడా పెడితివి. దాని రుచి నాకెట్ల తెలుస్తాదన్నా? నాకు ఎవురు పెట్టినారు?"

నాగసుబ్బయ్య తడబడ్డాడు. "నువ్వు... నువ్వు బయటిది ముట్టవు కదామే!"

"ముట్టనని నేనెప్పుడు చెప్తి?"

అది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. కృష్ణవేణమ్మ బయటి తిండి తినదు. మహానందికి పోయినా ఇంటి నుంచి చద్ది కట్టుకుని పోతుంది. పెళ్లిళ్లలో కూడా పెరుగన్నం దాటదు. ఎప్పటి నుంచి, ఎందుకు అని ఎవరికీ ఎన్నడూ అనుమానం రాలేదు.

"ఆయన పోయినాక పదకొండో దినం అయిపోయి, నువ్వు నన్ను తోలుకొస్తాంటివి. నందికొట్కూరు బస్టాండులో బస్సు కోసం కూసుంటిమి. మూడు దినాల నుంచి నేను ఏమీ తినలేదు. నువ్వు బజ్జీలు తెస్తివి. వదినకు పెడితివి, జ్ఞానాకు పెడితివి. నేను చెయ్యి చాపితి." ఆమె చేతిని నిజంగానే చాపి చూపించింది. "ఎవురో తెలిసినాయన ఎదురుగా నిలబడి ఉండె. ఆయనతో నువ్వు చెప్తివి, మా వేణి ఇంగ బయటిది ముట్టదప్పా, నిష్ఠగా ఉంటాది అని. శానా గొప్పగా చెప్తివి. నీ మాట తీసేయలేక చెయ్యి ఎనక్కి తీసుకుంటి. అంతేనన్నా నా నిష్ఠ. ఇరవై నాలుగేండ్లు అయిపాయ."

"అయితే ఇన్నేండ్లు నోరు మూసుకుని ఉండి, ఈ పొద్దు నలుగుర్లో నన్ను..." నాగసుబ్బయ్య గొంతు లేచింది.

"నాకు గుర్తుండాది నాయనా," అన్నాడు అంతసేపూ గుమ్మంలో నిలబడి ఉన్న జ్ఞానేశ్వర్.

అందరూ అతని వైపు తిరిగారు. తండ్రి మాటకు అడ్డుపడటం అతని జన్మలో అదే మొదలు.

"అప్పుడు నాకు పదేండ్లు. అత్త భాగం బజ్జీలు కూడా నాకే ఇస్తివి. నేనే తింటి. అత్త నన్నే చూస్తాండె. నేను ఇంగా కావాలని అడిగితి." అతని కళ్లు ఎర్రబడ్డాయి. "ఆమె చూస్తాంటే నేను తింటి నాయనా!"

నాగసుబ్బయ్య చెల్లెలు కూర్చున్న చాప వైపు చూశాడు. ఆమె నాలుగో ముక్క తుంచుకుంటోంది. పిల్లలు కొరికిన వైపును జాగ్రత్తగా వదిలేసి తింటోంది. అన్నీ తినమన్నాడు కదా, అన్నీ తినేలాగే ఉంది. నాగసుబ్బయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆదివారం అంగడి సగం పూటే, కాబట్టి అంగడికి కాదు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇంటి ముందు ఆటో ఆగింది. రాజ్‌విహార్ దాకా ఎండలో నడిచి పోయి నడిచి వచ్చే మనిషి ఆటో దిగుతుంటే సుచరిత కిటికీలోంచి నమ్మలేనట్టు చూసింది. ఆయన చేతుల్లో అట్టపెట్టె ఉంది. వేడి పోకుండా పైన తన కండువా కప్పి ఉంది.

నేరుగా వంటింట్లోకి వచ్చాడు. కృష్ణవేణమ్మ పళ్లేలు తోముతోంది. ఆయన పీట వాల్చి, పీట ముందు పెట్టె పెట్టి మూత తీశాడు.

"కూసో మే."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది. పెట్టె లోపలికి చాలాసేపు చూసింది. ఆరు ముక్కలు. ఒకటి పైకెత్తింది. సాగింది. తెగకుండా జానెడు సాగింది.

మొదటి ముక్క కళ్లు మూసుకుని తింది. రెండోది కళ్లు తెరిచి తింది. మూడోది తింటుండగా జ్ఞానేశ్వర్, సుచరిత వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ల సందులోంచి దూరి రమ్యశ్రీ లోపలికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. అవ్వ పక్కన చేరి, నాలుగో ముక్క వైపు చూసి, మెల్లగా చెయ్యి చాపింది.

"అవ్వా, నాకొకటి."

ఆ ఇంట్లో ఎవరు చెయ్యి చాపినా, తన పళ్లెంలోది తీసి పెట్టేసే మనిషి ఆమె. తనకు ఉందా లేదా అని చూసుకోదు. అందరూ ఆమె చేతి వైపే చూస్తున్నారు. కృష్ణవేణమ్మ ఆ చిన్న చేతిని చూసింది.

"నీవి మొన్న రొండు తింటివి కదా తల్లీ," అంది. నాలుగో ముక్క నోట్లో పెట్టుకుంది.

రమ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. పదేళ్ల పిల్లకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అవ్వ గొంతులో కోపం లేదు. అందుకే అంత గట్టిగా తగిలింది. అయిదో ముక్క అయింది. ఆరో ముక్క కూడా, ఎవరినీ రమ్మని అనకుండా, ఎవరికీ దాచిపెట్టకుండా, వేళ్లకు అంటింది కూడా నాకి, కృష్ణవేణమ్మ ఒక్కతే తినేసింది.

"ఎంత తూగిందన్నా?" అని అడిగింది అప్పుడు.

నాగసుబ్బయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"తూయలేదు మే," అన్నాడు. అంతే, ముసలాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "చెయ్యి చాపింది నేను చూస్తినే వేణీ. ఆ పొద్దు బస్టాండులో నేను చూస్తిని. చూసే ఆ మాట అంటి. ఆయన ముందర గొప్ప కోసం అంటి."

ఈ మాట ఆమెకు కొత్త. ఆయన చూడలేదనే ఇన్నేళ్లు అనుకుంది. ఆ అనుకోవడంతోనే క్షమించింది కూడా. చూశాడన్నమాట! చూసి కూడా! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి పిజ్జా అయిపోయిన పెట్టెలో పడ్డాయి. ఒక్క క్షణం ఆ అన్నను ఏమన్నా అనాలనిపించింది. ఇరవై నాలుగేళ్ల మాటలు ఉన్నాయి ఆమె దగ్గర.

"ఉరుకుందు చెప్పింది నిజమే. ఉప్పు చాల్లేదు," అంది, కళ్లు తుడుచుకుంటూ.

రమ్యశ్రీ అప్పటికే ఆమె ఎడమ చేతిని పట్టుకుని ఉంది. మణికట్టు మీద కాలిన బొబ్బ కనిపించి ఆగిపోయింది.

"ఇదేందవ్వా?"

"నీ పిజ్జా చేస్తాంటే నిప్పు పడె."

రమ్య ఆ బొబ్బ చుట్టూ వేలితో తడిమి, అవ్వ ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. కృష్ణవేణమ్మ వెంటనే ఏమీ దగ్గరకు తీసుకోలేదు. కాసేపు ఏడవనిచ్చింది. ఆ తరవాత ఆ ఎడమ చేత్తోనే దాని జుట్టు సరిచేసింది.

"అన్నా."

"చెప్పు మే."

"రేపు ఉగ్గానికి మంచి మూట ఇప్పు. అడుగుది నేను ఇంగ నానబెట్టను. అది ఈ ఇంట్లో ఎవురికీ వండను. చెల్లనిది మీరు తినాలంటే మీరే వండుకోండి."

నాగసుబ్బయ్య ముక్కు చీదుకుని అంగడిలోకి వెళ్లాడు. దీపం వేసిన చప్పుడైంది, ఆ తరవాత కొత్త మూట పురికొస తెంపిన చప్పుడైంది. చేట నిండా తెల్లని బొరుగులు తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు. ఆమె ఒక గుప్పెడు తీసి దీపం వెలుగులో చూసింది. ఒక్కటీ నలగలేదు. మళ్లీ చేటలోకి వదిలింది.

"నానబెట్టేది కూడా నువ్వే నానబెట్టు అన్నా, పొద్దున ఆరుకు," అని చెప్పి, ఖాళీ పెట్టె పారేయడానికి పెరట్లోకి నడిచింది.